స్టోన్‌వాల్ వీధుల్లో కుటుంబంతో నడక: అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఎల్జీబీటీ చరిత్ర వాకింగ్ టూర్లు నడిపిస్తుంటాను. 1969లో పోలీసు దాడికి జనం ఎదురుతిరిగిన గే బార్ స్టోన్‌వాల్ ఇక్కడిదే. ఇంటిల్లిపాదితో వచ్చేవాళ్ల సందేహాలు దాదాపు ఒకటే తీరు.

అపోహ: పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఇబ్బంది.
వాస్తవం: టూరంతా బార్ లైసెన్సులు, పోలీసు దాడులు, ఊరేగింపుల చుట్టూనే తిరుగుతుంది. బార్లను బయటి నుంచే చూపిస్తాను. "వాళ్లేం తప్పు చేశారని పట్టుకెళ్లారు?" అని పిల్లలు సూటిగా అడిగేస్తారు. నీళ్లు నమిలేది పక్కనున్న నాన్నలే.

అపోహ: గేల హక్కుల పోరాటమంతా 1969లో స్టోన్‌వాల్‌తోనే మొదలైంది.
వాస్తవం: ఈ మాట వినీ వినీ, జూలియస్ బార్ ముందు కాస్త ఎక్కువసేపే ఆపుతున్నాను. 1966 ఏప్రిల్ 21న గేల హక్కుల సంఘం మ్యాటషీన్ సొసైటీ సభ్యులు సూటూ టైతో ఇక్కడికొచ్చి, తాము గేలమని ముందే చెప్పి మందు అడిగారు. బార్‌టెండర్ అప్పటికే పెట్టిన గ్లాసును అరచేత్తో మూసేశాడు. గేలు గుమిగూడే చోటును అల్లరి అడ్డాగా లెక్కగట్టి లైసెన్సు పీకేస్తారని బార్లవాళ్ల భయం. గ్లాసు మీద ఆ చెయ్యి అప్పుడు తీసిన ఫొటోలో అలాగే ఉంది. ఫోన్‌లో చూపిస్తే తాతయ్యలు కళ్లజోడు సర్దుకుని మరీ చూస్తారు.

అపోహ: స్టోన్‌వాల్ గొడవలో మొదటి ఇటుక విసిరింది ట్రాన్స్ ఉద్యమకారిణి మార్షా పి. జాన్సన్.
వాస్తవం: తను వెళ్లేసరికే గొడవ మొదలైపోయిందని ఆవిడే చెప్పింది. మొదట విసిరిందెవరో తేలలేదు, విసిరింది ఇటుకేనా అన్నదీ తేలలేదు. నన్నడిగితే, తోటి ఉద్యమకారిణి సిల్వియా రివేరాతో కలిసి 1970లో 'స్టార్' సంస్థ పెట్టి, ఇళ్లలోంచి గెంటేసిన ట్రాన్స్ పిల్లలకు నీడనివ్వడం అంతకంటే పెద్ద పని.

అపోహ: ఇప్పుడున్న స్టోన్‌వాల్ బార్ అప్పటిదే.
వాస్తవం: సగమే. క్రిస్టఫర్ స్ట్రీట్ 51, 53 నంబర్లు రెండూ కలిపి అప్పటి బార్. అది 1969లోనే మూతపడింది. ఇప్పటి బార్ 53లో ఉంది. 51లో 2024 జూన్ 28న విజిటర్ సెంటర్ తెరిచారు.

అపోహ: ఇదంతా రంగుల పండగ టూరు.
వాస్తవం: సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి దగ్గరికి వచ్చేదాకా అలాగే అనిపించొచ్చు. 1984లో ఇక్కడ ఎయిడ్స్ వార్డు తెరిచారు. ఆసుపత్రి 2010లో మూతపడింది. ఎదురుగా 2016లో ఎయిడ్స్ స్మారకం వెలిసింది. ఇక్కడ పిల్లలకు ఎంతవరకు చెప్పాలో తల్లిదండ్రులను ముందే అడిగి ఉంచుకుంటాను.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు క్రిస్టఫర్ పార్కులో బెంచీలున్నాయి. అందులో ఒకదాని మీద శిల్పి జార్జ్ సీగల్ మలిచిన ఇద్దరు ఆడవాళ్ల తెల్లటి విగ్రహాలు ముందే కూర్చుని ఉంటాయి, పక్కన సర్దుకోవచ్చు. జూన్ చివరి ఆదివారం మాత్రం టూరు పెట్టుకోకండి. ఆ రోజు ఎల్జీబీటీల ఊరేగింపు ప్రైడ్ మార్చ్, రోడ్లు మూసేస్తారు, నా గొంతు ఎవరికీ వినపడదు.