నా చెట్టు ఏది?

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఇంట్లో తోచడం లేదన్నారు కదా, ఒక ఆట చెబుతాను. నాలుగైదు చెట్లున్న చోటు, ఓ గుడ్డ ముక్క, తోడుగా ఒక నేస్తం ఉంటే చాలు.

కళ్ళకు గంతలు కట్టుకోండి. నేస్తం మిమ్మల్ని రెండు చుట్లు తిప్పి, చెయ్యి పట్టుకుని ఏదో ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. అక్కడ తొందరపడొద్దు. బెరడును అరచేత్తో తడమండి. నిలువునా పగిలి ఉందా, పెచ్చులు ఊడుతున్నాయా? చేతులు చుట్టేస్తే వేళ్ళు కలుస్తున్నాయా? ఎండ తగిలే వైపు వెచ్చగా, నీడ వైపు చల్లగా ఉంటుంది. ముక్కు ఆనించి వాసన కూడా చూడండి. తర్వాత మొదటి చోటికి వచ్చి, గంతలు విప్పి, 'నా చెట్టు ఏది?' అని వెతుక్కోవాలి. నేను మొదటిసారి ఎంతో ధీమాగా పక్క చెట్టును వాటేసుకున్నాను! పైనంతా తడిమాను గానీ మోకాలి ఎత్తులో ఉన్న తొర్రను వదిలేశాను. అప్పట్నుంచి వేర్ల దగ్గరే మొదలుపెడతాను.

చెట్టు పేరు మాత్రం అప్పుడే అడగొద్దు. పేరు తెలిస్తే ఇక చూడక్కర్లేదనిపిస్తుంది. నాకూ ఉంది ఆ జబ్బు.

మాను మీద నల్లచీమల బారు కనిపిస్తే, దారికి అడ్డంగా వేలితో గట్టిగా రుద్దండి. ముందొచ్చే చీమ అక్కడ ఆగిపోతుంది. మీసాలు ఆడిస్తూ అటొకసారి ఇటొకసారి తిరుగుతుంది. వెనకవీ వచ్చి పోగవుతాయి. ముందు నడిచినవి వదిలిన వాసనే వాటికి దారి. మీ వేలు దాన్ని తుడిచేసింది. మళ్ళీ బారు కలిసేదాకా కూర్చుని చూడండి. ఎర్రచీమలైతే దూరంగా ఉండండి, గొంగళి పురుగుల జోలికీ పోవద్దు. ఏదీ నోట్లో పెట్టుకోవద్దు.

అరచేతులు దొప్పల్లా చేసి చెవుల వెనక పెట్టుకుంటే ఎదుటి చప్పుళ్ళు పెద్దవవుతాయి. ముందుకు తెచ్చి పెడితే? మీరే చూడండి.

గుప్పెడు పొడిమట్టి మీద నాలుగు నీటి చుక్కలు చల్లి వాసన చూడండి. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాసన అందులో ఉంటుంది. ఎండిన నేల మీద వాన పడ్డప్పుడు వచ్చే పరిమళానికి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. పేర్లు వద్దని నేనే అన్నాను, నేనే చెప్పేశాను!

మీ చెట్టును ఏ గుర్తుతో పట్టుకున్నారో రాయండి.

మీ తాతయ్య