పెట్టె సర్దకముందు: గల్ఫ్ ప్రయాణం మీద బరంపురం అపోహలు, అసలు సంగతులు

ఒడిశాలోని మన గంజాం జిల్లా నుంచి బయటిదేశాలకి పోవడం ఇవాళ మొదలైంది కాదు. గోపాలపూర్‌లో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళిన తాతల కథలు ఇక్కడి తెలుగిళ్ళల్లో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. తర్వాత సూరత్ మగ్గాల మీద పనికి పోవడం వచ్చింది, ఇప్పుడు దుబాయ్, దోహా, రియాద్. నేను దుబాయ్‌లో ఒక కంపెనీ పీఆర్వో ఆఫీసులో వీసాలు, లేబర్ కార్డులు, మెడికల్ పనులు చూసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు అవే కాగితాలు బరంపురంలో కూర్చుని ఇవతలి కొస నుంచి చూస్తున్నాను.

నా బల్ల ముందుకొచ్చే కుర్రాళ్ళకి ఎండంటే భయం, అరబ్బు యజమాని అంటే భయం, భాషంటే భయం. ‘ఇక్కడో సంతకం పెట్టు బాబూ’ అని ఎవరో ముందుకు తోసిన కాగితమంటే మాత్రం ఏ భయమూ ఉండదు. నేను చూసిన గొడవల్లో చాలావాటికి వేరు ఆ సంతకంలోనే ఉంది. అదీ పాత బస్టాండు దాటకముందే, మనవాడి ముందే పెట్టిన సంతకం. అందుకే కింద ఎడారి సంగతులు తక్కువ, కాగితాల సంగతులు ఎక్కువ.

అపోహ: ఒడిశా అడ్రసున్నవాళ్ళు పాస్‌పోర్టుకి భువనేశ్వర్ పరిధిలోనే పెట్టుకోవాలి.

వాస్తవం: 2018 నుంచి దేశంలో ఏ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. విశాఖలో చెల్లెలింటి దగ్గర ఉండి చదువుకుంటున్న కుర్రాడు అక్కడే పెట్టుకోవచ్చు. పోలీసు విచారణ మాత్రం ఫారంలో రాసిన అడ్రసుకే వస్తుంది, కాబట్టి అది ఏ ఊరిదో చూసుకుని రాయండి. సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అవి అసలువేనని ముద్ర వేయించుకోవడం) దగ్గర లెక్క మారిపోతుంది. డిగ్రీ ఏ రాష్ట్రంలో ఇచ్చారో ముందు ఆ రాష్ట్రం ముద్ర పడాలి. ఇల్లు గంజాంలో, డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీదైతే ఆంధ్ర వైపు తిరగాల్సిందే. ఆ తర్వాత సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకైతే విదేశాంగ శాఖ అపోస్టిల్ (బయటిదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర) సరిపోతుంది. యూఏఈ (దుబాయ్, షార్జా ఉన్న దేశం), ఖతర్, కువైట్‌లకి పైన ఎంబసీ ముద్ర కూడా కావాలి.

అపోహ: పేరులో ఒక అక్షరం అటూఇటూ అయితే ఏమవుతుంది, ఫొటో ఉందిగా?

వాస్తవం: సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళకి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే, దీన్ని తేలిగ్గా తీసేసేదీ మనమే. ఇంట్లో పిల్లాడు వెంకటరావు. ఒడియా బడిలో మాస్టారు రాసుకున్నది బెంకట రావు, ఎందుకంటే ఒడియాలో మన ‘వ’ చాలాచోట్ల ‘బ’ అయిపోతుంది. మెట్రిక్ సర్టిఫికెట్ ‘బి’తో వస్తుంది. శ్రీకాకుళం మేనమామ దగ్గరుండి చేయించిన ఆధార్‌లో ‘వి’తో వస్తుంది. ఇంటిపేరు ఒకదాన్లో ముందు పొడి అక్షరం, ఇంకోదాన్లో అసలు లేదు, మూడోదాన్లో చివర ‘రావు’నే ఇంటిపేరు చేసేశారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చే ఫైళ్ళలో ఇది రోజూ చూసేదే.

పాస్‌పోర్టు పొడి అక్షరాలు ఒప్పుకోదు, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. 2022 నవంబరులో యూఏఈ అలాంటి ఒంటిపేరు పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పేసరికి ఎయిర్‌పోర్టుల్లో జనం ఆగిపోయారు. రెండో పేజీలో తండ్రి పేరుంటే తీసుకుంటామని కొద్దిరోజులకే సడలించారు గానీ, ఆ సడలింపుని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోవద్దు.

సరిచేసే వరస కూడా చాలామంది తిరగేసి పట్టుకుంటారు. బోర్డు సర్టిఫికెట్‌లో పేరు మార్చడం నెలల మీద పని, ఆధార్, పాన్ మార్చడం దానితో పోలిస్తే సులువు. అందుకని సర్టిఫికెట్‌లో తప్పున్నా సరే, బతకగలిగిన తప్పైతే దాన్నే ఖాయం చేసుకుని మిగతావన్నీ దానికి కలపండి. ‘మా అబ్బాయి పేరు బెంకట కాదు మావయ్యా’ అని తల్లి బాధపడుతుంది. బాధే, ఒప్పుకుంటాను. కానీ లేబర్ కార్డు, బ్యాంకు ఖాతా, బీమా నామినీ అన్నీ ఆ అక్షరం మీదే నడుస్తాయమ్మా అని చెప్తాను. తండ్రి పేరు స్పెల్లింగూ ఇలాగే కలవాలి. ఆపద వచ్చినప్పుడు ఇంటివాళ్ళు అడిగే ప్రతి పైసాకీ ఆ పేరే ఆధారం.

అపోహ: పదో తరగతి ఫెయిలైతే గల్ఫ్ పంపరు.

వాస్తవం: పంపుతారు. పాస్‌పోర్టులో ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ముద్ర పడుతుంది, అంతే. అలాంటి పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు, మలేసియా వగైరా 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే ఈమైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్ ద్వారా ప్రభుత్వ అనుమతి కావాలి. (ముద్ర ఏమీ లేకపోతే ఈసీఎన్ఆర్, అంటే వలస తనిఖీ అక్కర్లేదు అనే అర్థం. ‘నాది ఖాళీగా ఉందండీ, తప్పు పడిందేమో’ అని పరుగెత్తుకొస్తారు.) ఈ అనుమతిని జనం అడ్డుగోడలా చూస్తారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అది పెట్టింది మన రక్షణకే. అనుమతి వచ్చిందంటే జీతం, పని, యజమాని ఎవరు అన్నది ప్రభుత్వం దగ్గర రికార్డయినట్టే. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. బిర్యానీ ఖర్చు దగ్గర ఆలోచించనివాళ్ళు దీని దగ్గర ఆలోచిస్తారు.

రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, వెరసి 35,400. అంతకుమించి అడిగితే రసీదు ఇమ్మనండి. ఇవ్వడు. లక్ష, లక్షన్నర వడ్డీకి తెచ్చి ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు రంగం రోజుల మేస్త్రీలు గుర్తొస్తారు. ఆ మేస్త్రీ ముందు అడ్వాన్సు చేతిలో పెట్టి, తర్వాత కూలీలోంచి పట్టుకునేవాడు. ఇప్పుడు అప్పు మనమే చేసి, మేస్త్రీకి మనమే ఎదురు ఇస్తున్నాం.

అపోహ: విజిట్ వీసా మీద వెళ్ళిపోతే చాలు, అక్కడ మార్చేస్తారు.

వాస్తవం: మార్చడం చట్టపరంగా సాధ్యమే. మార్చేలోగా పనిచేయడం నేరం. 2024లో యూఏఈ ఈ చట్టాన్ని బిగించింది. వర్క్ పర్మిట్ లేకుండా మనిషిని పెట్టుకున్న యజమానికి జరిమానా లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దాకా ఉంది. అంత జరిమానాకి వెరిచే కంపెనీ తనిఖీ వచ్చిందంటే ముందు చేసే పని మనవాణ్ణి గేటు బయట పెట్టడం. పైగా ఈసీఆర్ వాళ్ళని విజిట్ వీసా మీద తీసుకెళ్ళేది అనుమతి తప్పించుకోవడానికే. పైన చెప్పిన బీమా, రికార్డు రెండూ అక్కడితో పోయినట్టే.

అపోహ: జీతం 1,500 దిర్హాములంటే 1,500 దిర్హాములే, అది ఎలా రాస్తే ఏం?

వాస్తవం: అసలు కిటుకంతా ఎలా రాశారన్నదాన్లోనే ఉంది. ఇద్దరు కుర్రాళ్ళకి ఒకే 1,500 వస్తుందనుకోండి. ఒకడి కాగితంలో బేసిక్ 1,000, అలవెన్సులు 500. రెండోవాడికి బేసిక్ 600, అలవెన్సులు 900. నెల నెలా ఇంటికొచ్చే డబ్బులో తేడా కనపడదు. ఓవర్‌టైం వచ్చిన రోజున కనపడుతుంది. ఓవర్‌టైం గంటకి బేసిక్ లెక్కన వచ్చే కూలి, దాని పైన కనీసం 25 శాతం. రోజుకి ఎనిమిది గంటల పని చొప్పున మొదటివాడికి గంటకి 5 దిర్హాముల పైచిలుకు, రెండోవాడికి 3 పైచిలుకు. ఇక గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము. ఏడాది సర్వీసు నిండితే మొదటి అయిదేళ్ళలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులు. నాలుగేళ్ళు చేసి తిరిగొచ్చేటప్పుడు మొదటివాడి చేతికి 2,800, రెండోవాడి చేతికి 1,680. పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు.

యూఏఈ ఆఫర్ లెటర్ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2016లో నియమం పెట్టి, నమూనా 11 భాషల్లో తెచ్చారు. హిందీ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ ఉన్నాయి. తెలుగు లేదు, ఒడియా లేదు. ఇక్కడ మన సరిహద్దువాళ్ళకో వెసులుబాటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో హిందీ నలిగినవాళ్ళం కదా, హిందీ ప్రతి ఇమ్మని అడిగి కూడబలుక్కుని చదవండి. బేసిక్ అన్న గడి మీద వేలు పెట్టి చదవండి.

దిర్హాము పెరిగింది, తగ్గింది అన్న మాటా వింటుంటాను. దాన్ని డాలరుకి 3.6725 చొప్పున కట్టేశారు. పెరిగేదీ తరిగేదీ మన రూపాయే.

అపోహ: పాస్‌పోర్టు కంపెనీ లాకర్లో ఉండటం రూలు.

వాస్తవం: రూలు కాదు, దురలవాటు. యూఏఈ చట్టం ప్రకారం యజమాని దాన్ని పట్టుకోకూడదు. కార్మికుడి దగ్గర రిక్రూట్‌మెంట్ ఖర్చు వసూలు చేయకూడదని కూడా అదే చట్టంలో ఉంది.

అపోహ: అక్కడ మన తిండి దొరకదు, అన్నీ ఇక్కణ్ణుంచే మోసుకుపోవాలి.

వాస్తవం: దుబాయ్ కరామాలోనో షార్జా రోలాలోనో ఒక్క సాయంత్రం తిరిగితే ఈ భయం పోతుంది. కరివేపాకు, మునక్కాడ, చింతపండు, ఇడ్లీ రవ్వ అన్నీ ఉంటాయి. బరంపురం అప్పడం మాత్రం దొరకదు, అది పట్టుకెళ్ళండి. ఊరగాయ జాడీ చేతిసంచీలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, నూనె కారకుండా చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. ఎండుకొబ్బరి చెక్-ఇన్ పెట్టెలోకి కూడా రానివ్వరు, నూనె వల్ల అంటుకునే గుణం ఉందని.

ఒక్కటి మాత్రం ఎంత చెప్పినా తక్కువే: గసగసాలు. మనం కూరలో వేసుకుంటాం, పక్కింటి ఒడియావాళ్ళు పోస్తో అని ముద్దగా నూరుకుంటారు. ఎవరికీ అందులో తప్పు తోచదు. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో అది నల్లమందు మొక్క గింజ, అంటే మాదకద్రవ్యాల జాబితాలోది. అమ్మ కట్టిన మసాలా పొట్లంలో చిటికెడున్నా గొడవే. అందుకే కుర్రాడు కౌంటరు దగ్గర నిలబడ్డాక కాదు, పొట్లం కట్టేటప్పుడే అమ్మని అడగాలి. కోడీన్ కలిసిన దగ్గుమందు, ట్రమడాల్ నొప్పి బిళ్ళలూ ఈ కోవలోవే. తప్పనిసరి మందులైతే డాక్టరు చీటీతోపాటు యూఏఈ ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి.

రంజాన్ నెలలో పస్తులుండాలన్నదీ ఉత్త మాటే. రోడ్డు మీద, బస్సులో తినకూడదు, తాగకూడదు. గదిలోనో క్యాంటీన్‌లోనో తినొచ్చు. పని గంటలు రోజుకి రెండు తగ్గుతాయి. ఎండ విషయానికొస్తే, యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఆరుబయట పని నిషేధం. ఛత్రపూర్ ఉక్కపోతలో పెరిగినవాడికి దుబాయ్ ఆగస్టు అంత కొత్తగా అనిపించదు, ఆ చెమటా ఉప్పుగాలీ ఒకటే.

అపోహ: ఊళ్ళో ఉన్న సేవింగ్స్ ఖాతాలోకే డబ్బు పంపుకోవచ్చు.

వాస్తవం: ఉద్యోగానికి బయటికెళ్ళాక ఆ ఖాతాని ఎన్ఆర్ఓగా (బయటిదేశంలో ఉండేవాళ్ళ ఇక్కడి డబ్బుకి ఖాతా) మార్పించాలి, ఫెమా అనే విదేశీ మారక చట్టం నియమం అది. పంపే డబ్బుకి ఎన్ఆర్ఈ (బయట సంపాదించింది వేసుకునే ఖాతా) తెరిస్తే వడ్డీ మీద ఇక్కడ పన్నుండదు. బ్యాంకుతో పనిలేకుండా చేతిమీద డబ్బు చేరవేసే హుండీవాడు రేటు నాలుగు పైసలు ఎక్కువిస్తాడు, నిజమే. ఎగ్గొడితే ఏ స్టేషన్‌కి వెళ్ళి ఏమని చెప్పుకుంటారు?

అపోహ: మోసపోయేది చదువుకోని కూలీలే.

వాస్తవం: ఈమధ్య బీటెక్ కుర్రాళ్ళ మీదే వల ఎక్కువ పడుతోంది. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, టికెట్ ఫ్రీ, జీతం లక్ష అంటారు. వాళ్ళది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు కాబట్టి దారిలో ఆపి అడిగేవాళ్ళు లేరు. దిగాక కంబోడియాకో, థాయ్ సరిహద్దు ఊరు మే సోట్ దగ్గర ఏరు దాటించి మయన్మార్‌లోని మ్యావడీకో తీసుకుపోయి, ఫోన్‌లో మనవాళ్ళనే మోసం చేసే పనిలో కూర్చోబెడతారు. 2024లో విశాఖ పోలీసులు కంబోడియా ముఠాల గుట్టు లాగినప్పుడు ఉత్తరాంధ్ర ఇళ్ళన్నీ ఉలిక్కిపడ్డాయి. 2025 మార్చిలో మే సోట్ నుంచి వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మందిని వెనక్కి తెచ్చారు. 1942లో జపాన్ వాళ్ళు రంగం మీద పడ్డప్పుడు కొండలు, అడవులు పట్టి నడిచొచ్చినవాళ్ళ మనవలు ఉన్న జిల్లా మనది. బర్మా పేరు వింటే కనీసం నాలుగు ప్రశ్నలైనా అడగాలి. కంపెనీ పేరేంటి, వర్క్ వీసా ఏ దేశానిది, టూరిస్టుగా ఎందుకు రమ్మంటున్నారు, ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో ఎందుకు?

అపోహ: సెలవు కంపెనీ దయ.

వాస్తవం: యూఏఈలో ఏడాది నిండితే ఏడాదికి 30 రోజుల సెలవు హక్కు. క్యాంపు ఉద్యోగాల్లో చాలామంది రెండేళ్ళకోసారి కలిపి వాడుకుంటారు, టికెట్ కూడా చాలా కంపెనీలు అప్పుడే ఇస్తాయి కాబట్టి. మన బరంపురం ఠాకురాణి అమ్మవారి జాతరా రెండేళ్ళకోసారే. చేరే తేదీ కాస్త చూసుకుంటే రెండూ కలిసొస్తాయి. సెలవు చీటీ డిసెంబరులోనే పెట్టేయండి. ఈద్‌కి దగ్గరపడిందా, టికెట్ ధర మండిపోతుంది.