జీతంలో సగం పాత టీమ్ పెట్టుకుంటే ఆటగాడికి సగమే వస్తుందా?

నేను టొరంటోలో ఐస్ హాకీ ఆటగాళ్ళ ఒప్పందాల లెక్కలు, పన్నులు చూసే ఆఫీసులో పనిచేస్తాను. ఇక్కడి పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో పెద్ద ట్రేడ్ జరిగిన రాత్రి నా ఫోన్‌కు నిద్ర ఉండదు. 2025 జనవరి 24న కొలరాడో టీమ్ మిక్కో రాంటనెన్‌ను కరొలైనాకు ఇచ్చేసినప్పుడూ అంతే. ఆఫీసులో, గుడి దగ్గర, పిల్లల రింక్ బయట అందరిదీ ఒకటే ప్రశ్న: "9.25 మిలియన్ల ఆటగాడు 4.6కి ఎలా ఒప్పుకున్నాడండీ?"

ఆయన దేనికీ ఒప్పుకోలేదు. ఆయన్ని ఎవరూ అడగనూ లేదు.

అపోహ: రిటెన్షన్ (ఆటగాడిని ఇచ్చేసిన టీమో, మధ్యలో దిగిన టీమో అతని జీతంలో కొంత భారం తన మీద ఉంచుకోవడం) అంటే ఆటగాడి జీతంలో కోత.

వాస్తవం: ట్రేడ్ వల్ల ఒప్పందంలో ఒక్క డాలరు కూడా మారదు. మారేది దాన్ని ఎవరు కడతారు, ఎవరి క్యాప్‌లో (ఒక సీజన్‌లో టీమ్ జీతాలకు ఉన్న గరిష్ఠ పరిమితిలో) పడుతుంది అన్నదే. రాంటనెన్ 2019లో ఆరేళ్ళకు 55.5 మిలియన్ డాలర్లకు సంతకం చేశాడు. ఆరుతో భాగిస్తే 9.25. అదే క్యాప్ హిట్, అంటే ఏడాదికి టీమ్ క్యాప్‌లో లెక్కేసే మొత్తం. ఆ రాత్రి ట్రేడ్‌లో మూడో టీమ్‌గా షికాగో దిగి, అందులో సగం తన మీద వేసుకుంది. తన ఆటగాడు టేలర్ హాల్‌ను కరొలైనాకు పంపించి ఒక మూడో రౌండ్ పిక్ (కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు) తీసుకుంది. రాంటనెన్ షికాగో జెర్సీ ఒక్క మ్యాచ్‌కు కూడా తొడగలేదు. అయినా సీజన్ అయిపోయేదాకా ఆయన జీతంలో సగం భారం షికాగోదే. చాలామంది ఇంకో పొరపాటు కూడా చేస్తారు. షికాగోకు మొత్తం 4.625 మిలియన్లు పడ్డాయనుకుంటారు. క్యాప్ లెక్క రోజుల చొప్పున నడుస్తుంది. జనవరి చివర్లో మిగిలినవి పన్నెండు వారాలు. అంటే దాని క్యాప్‌లో పడింది సుమారు 2 మిలియన్లే.

మార్చి 7న కరొలైనా ఆయన్ని మళ్ళీ డాలస్‌కు ట్రేడ్ చేసింది. అప్పుడు కూడా షికాగో సగం అలాగే ఉంది. డాలస్ తన సగమే మోసింది. అదే రోజు కుదిరిన ఎనిమిదేళ్ళ 96 మిలియన్ల ఒప్పందం మరుసటి సీజన్ నుంచి మొదలయ్యే వేరే కాగితం. "డాలస్‌లో 4.6 తీసుకునేవాడికి ఒక్కసారిగా 12 చేశారు" అని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. ఆయన ఏ రోజూ 4.6 తీసుకోలేదు. రెండు నెలలు తిరగకముందే ప్లేఆఫ్స్ ఏడో మ్యాచ్‌లో ఆయన పాత టీమ్ కొలరాడో మీదే హ్యాట్రిక్ కొట్టాడు. జీతం సగమై మనసు విరిగిన మనిషని ఆ వారమంతా జాలిపడినవాళ్ళు ఆ మ్యాచ్ చూసే ఉంటారు.

ఈ రిటెన్షన్ పద్ధతి లీగ్‌కూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2013 ఒప్పందంతో వచ్చింది. జీతంలో సగానికి మించి ఉంచుకోకూడదు. ఒక టీమ్ ఒకేసారి మూడు ఒప్పందాలకు మించి ఇలా మోయకూడదు. ఒకే ఒప్పందం మీద రెండు సార్లకు మించి చేయకూడదు. వీటిలో ఎక్కడా ఆటగాడి జేబు ప్రస్తావన లేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అపోహకు ఒక కుటుంబం నిజంగా డబ్బు పోగొట్టుకుంది. కొన్నేళ్ళ కిందట మా దగ్గరున్న ఒక కుర్రాడు ట్రేడ్ అయ్యాడు. పాత టీమ్ సగం రిటెయిన్ చేసింది. వాళ్ళమ్మ ఆ సమయంలోనే ఇల్లు కొంటూ బయానా ఇచ్చి ఉన్నారు. "ఇక మీవాడికి సగమే" అని ఎవరో బంధువు చెప్పారట. మాకు ఒక్క ఫోన్ చేయకుండా ఆ ఇంటి ఒప్పందం రద్దు చేసుకున్నారు. బయానా వెనక్కి రాలేదు. మర్నాడు ఆఫీసుకు వచ్చి "వాడికి ఇప్పుడు ఎంత వస్తుంది?" అని అడిగారు. నిన్న వచ్చినంతే వస్తుందని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. కొడుకు ఊరు మారిపోతున్నాడన్న టెన్షన్‌లో ఉన్న తల్లి ఆవిడ. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పిన మనిషి మీదే కోపం.

మనవాళ్ళలో ఈ తికమక ఎక్కువగా ఉండటానికి ఐపీఎల్ కూడా కారణమని నాకనిపిస్తుంది. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్ళింది పూర్తిగా నగదు మీద. అది చూసిన కళ్ళతో ఇక్కడి ట్రేడ్‌నూ చూస్తాం. 1988లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీని లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చినప్పుడు ఎడ్మంటన్ యజమానికి 15 మిలియన్ డాలర్లు ముట్టిన మాట నిజమే. క్యాప్ వచ్చాక అలా నగదు చేతులు మారడానికి వీల్లేదు. ఇప్పుడు డబ్బుతో సాయం చేయాలంటే జీతంలో వాటా మోయడమే దారి.

అపోహ: 2025లో వేగస్‌కు వెళ్ళిన మా టొరంటో స్టార్ మిచ్ మార్నర్ చేత ఎనిమిదేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నది టొరంటో కాబట్టి, అందులోని 96 మిలియన్లు (రాంటనెన్‌కూ అంతే, కానీ ఇది వేరే ఒప్పందం) టొరంటోవే.

వాస్తవం: కాదు. సొంత టీమ్ అయితే ఎనిమిదేళ్ళు ఇవ్వవచ్చు, బయటి టీమ్‌కు ఏడేళ్ళే అన్న నిబంధన 2025 వేసవిలో ఉంది. అందుకే ముందు ఇక్కడ సంతకం, వెంటనే వేగస్‌కు ట్రేడ్. బదులుగా నికొలా రువా వచ్చాడు. మొత్తం భారం వేగస్‌దే. మా అబ్బాయి మార్నర్ 16వ నంబర్ జెర్సీ మడిచి అలమరా అడుగున పెట్టేసి, "డబ్బు కోసం పారిపోయాడు" అన్నాడు. తొమ్మిదేళ్ళు ఇక్కడ ఆడినవాడిని ఆ మాట అనకూడదని చెప్పాను. ఆ రోజు వాడు వినలేదు.

అపోహ: క్యాప్ హిట్ ఎంతో చేతికొచ్చే డబ్బు అంతే.

వాస్తవం: క్యాప్ హిట్ సగటు మాత్రమే. ఏ ఏడాది ఎంత కడతారన్నది వేరు. 2015లో ఫిలడెల్ఫియా క్రిస్ ప్రాంగర్ ఒప్పందాన్ని అరిజోనాకు పంపించింది. ఆయన అప్పటికి మూడేళ్ళకు పైగా ఆడనే లేదు. క్యాప్ హిట్ దాదాపు 5 మిలియన్లు. చేత్తో కట్టాల్సింది చాలా తక్కువ. కనీస క్యాప్ (జీతాల లెక్క ఇంతకు తగ్గకూడదని లీగ్ పెట్టిన మొత్తం) చేరుకోవాల్సిన టీమ్‌కు అది లాభమైన బేరం.

అపోహ: గాయం చూపించి క్యాప్ దాటడం ఎప్పటికీ నడుస్తుంది.

వాస్తవం: 2021లో గాయం వల్ల సీజన్ అంతా ఆడని టాంపా ఆటగాడు కుచెరోవ్ ప్లేఆఫ్స్‌కు వచ్చాడు, టాంపా కప్పు గెలిచింది. అప్పుడు ప్లేఆఫ్స్‌కు క్యాప్ లేదు. 2025-26 నుంచి ఉంది.

అపోహ: టెక్సస్, ఫ్లోరిడా టీములకు వెళితే పన్నే ఉండదు.

వాస్తవం: రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, అంతే. ఫెడరల్ పన్ను ఉంటుంది. బయటి ఊళ్ళలో ఆడిన రోజులకు అక్కడి పన్ను కూడా పడుతుంది. అంటారియోలో పై శ్లాబు 53.53 శాతం కాబట్టి తేడా పెద్దదే. ఒప్పుకుంటాను.

ఇంట్లో ఎవరైనా ఆటగాడు ఉండి ట్రేడ్ వార్త వస్తే ముందు అసలు ఒప్పందం తీసి, ఏ ఏడాదికి ఎంత అని రాసిన పేజీ చూడండి. సీజన్‌లో జీతం నెలకు రెండుసార్లు వస్తుంది. ట్రేడ్ తర్వాత వచ్చే మొదటి జీతంలో రోజులు సరిగ్గా లెక్కేశారో లేదో ఏజెంట్‌ను అడగండి. ఇల్లు, కారు, అద్దె గురించి ఏ కాగితం రద్దు చేసినా ఆ తర్వాతే.