ఎక్స్-మెన్ మళ్లీ మొదటికి: ఆశకూ అనుమానానికీ మధ్య పాతికేళ్ల కథ

ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల జట్టు సినిమాలను మార్వెల్ స్టూడియోస్ కొత్త తారాగణంతో మళ్లీ మొదటి నుంచి తీయబోతోందని ఖాయమయ్యాక అభిమానులు ముఖ్యంగా రెండు విషయాలు మాట్లాడుకుంటున్నారు. ఏ పాత్రకు ఎవరిని తీసుకుంటారన్నది ఒకటి, మళ్లీ చెడగొడతారా అన్నది రెండోది. మొదటిది కాలక్షేపం. రెండోది మాత్రం అనుభవం మీద పుట్టిన ప్రశ్న. అందులోని ఒక్కో అనుమానం వెనుకా ఒక సంవత్సరమూ, ఒక సినిమా పేరూ ఉన్నాయి.

అయితే ఈ కథను సినిమాలతో మొదలుపెడితే అసలు విషయం జారిపోతుంది. ఇప్పుడు అభిమానులు ప్రాణంగా చూసుకునే ఎక్స్-మెన్ కూడా ఒకప్పటి రీబూట్ (పాత కథను కొత్తగా మళ్లీ మొదలుపెట్టడం) ఫలితమే.

స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించిన ఎక్స్-మెన్ కామిక్ తొలి సంచిక 1963లో వచ్చింది. పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్లు, వాళ్లను చూసి భయపడే లోకం, వాళ్లకు బడి నడిపే ప్రొఫెసర్ జేవియర్. ఆలోచన గట్టిదే కానీ అమ్మకాలు నీరసించాయి. 1970లో 66వ సంచికతో కొత్త కథలు ఆగిపోయాయి. ఆ తరువాత దాదాపు ఐదేళ్లు పాత కథలనే తిరిగి అచ్చువేస్తూ పత్రికను ఎలాగోలా నెట్టుకొచ్చారు. 1975లో రచయిత లెన్ వీన్, చిత్రకారుడు డేవ్ కాక్రమ్ ఒక ప్రత్యేక సంచికలో జట్టును దాదాపు పూర్తిగా మార్చేశారు. కెన్యా నుంచి స్టార్మ్, సోవియట్ రష్యా నుంచి కొలాసస్, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్ వచ్చారు. అంతకు ఏడాది ముందు హల్క్ కామిక్‌లో ఒకసారి తళుక్కుమన్న, గోళ్లే ఆయుధాలైన కెనడా మనిషి వుల్వరిన్ కూడా చేరాడు. ఆ వెంటనే కలం అందుకున్న క్రిస్ క్లేర్‌మాంట్ 1991 వరకూ, అంటే సుమారు పదహారేళ్లు, ఆ కథను రాస్తూనే ఉన్నారు. ఆయన వెళ్లిపోయిన ఏడాదే విడుదలైన కొత్త వరుస తొలి సంచిక ఎనభై లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది.

కాబట్టి కొత్త ముఖాలంటే ఈ అభిమానులకు జన్మవైరం ఉందని అనుకోనక్కరలేదు. వాళ్లకు అలవాటైన ఎక్స్-మెన్‌ను తయారు చేసిందే కొత్త ముఖాలు. ఆ ముఖాలకు పాఠకుడు అలవాటు పడేందుకు పదహారేళ్లు దొరికాయి. సినిమాల్లో ఎన్నడూ దొరకనిది ఆ వ్యవధే.

1990ల్లో ఈ కామిక్స్ ప్రచురించే మార్వెల్ సంస్థ ఆర్థికంగా చితికిపోయి, 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. ఆ దశకంలోనే ఎక్స్-మెన్ సినిమా హక్కులు ట్వంటియత్ సెంచరీ ఫాక్స్‌కు చేరాయి. ఇలా హక్కులు చేతులు మారడం తరువాత ఎన్ని చిక్కులు తెచ్చిందో చూస్తే రీబూట్ అనే మాటకున్న అసలు అర్థం బోధపడుతుంది. కథకు కొత్తదనం కావాలని మొదలైన రీబూట్ల కంటే, ఒప్పందం గడువు ముంచుకొచ్చి మొదలైనవే అభిమానులను ఎక్కువగా భయపెడతాయి. మార్వెల్‌కే చెందిన మరో జట్టు ఫెంటాస్టిక్ ఫోర్ హక్కులు గడువు తీరి చేజారిపోకుండా 1992 చివరలో సుమారు పది లక్షల డాలర్లతో హడావిడిగా ఒక సినిమా చుట్టేశారు. అది థియేటర్ ముఖమే చూడలేదు. అందులో నటించినవారికి ఆ సంగతి చివరి దాకా తెలియకపోవడం ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

ఎక్స్-మెన్‌కు అంత దుర్గతి పట్టలేదు. 2000 జూలైలో బ్రయాన్ సింగర్ దర్శకత్వంలో తొలి సినిమా వచ్చింది. సుమారు 7.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా దాదాపు 30 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. నిడివి గంటా నలభై నాలుగు నిమిషాలే. ముందు డిసెంబరు అనుకున్న విడుదలను జూలైకి జరపడంతో అందరూ పరుగులు పెట్టి పూర్తి చేశారు. అయినా 1944లో పోలండ్‌లోని నిర్బంధ శిబిరం దగ్గర, తల్లిదండ్రుల నుంచి విడదీసిన ఒక కుర్రాడితో (తరువాత జేవియర్‌కు ప్రత్యర్థి అయ్యే మాగ్నెటో అతనే) సినిమాను మొదలుపెట్టడం అప్పటికి సాహసమే. ఈ చిత్రం ఆషామాషీ వ్యవహారం కాదని ఆ ఒక్క సన్నివేశంతోనే తేలిపోయింది. మూడేళ్ల తరువాత వచ్చిన రెండో భాగం ఇంకా మెరుగ్గా ఉంది. చివరలో జట్టు సభ్యురాలు జీన్ గ్రే మునిగిన చెరువు నీటి కింద ఫీనిక్స్ పక్షి ఆకారం లీలగా కనిపించగానే, ఆమె ఫీనిక్స్ అనే మహాశక్తిగా మారే కథను కామిక్స్‌లో చదివిన ప్రతి ఒక్కరికీ మూడో భాగం ఏమిటో తెలిసిపోయింది.

అనుమానాలకు పునాది పడింది ఆ మూడో భాగంతోనే.

సింగర్ సూపర్‌మ్యాన్ సినిమా తీయడానికి వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన మాథ్యూ వాన్ షూటింగ్‌కు ముందే తప్పుకున్నారు. చివరకు బ్రెట్ రాట్నర్ చేతికి పగ్గాలు దక్కాయి. విడుదల మాత్రం 2006 మే నెలాఖరున జరిగి తీరాలి. జట్టు నాయకుడు సైక్లాప్స్‌గా నటించిన జేమ్స్ మార్స్‌డెన్ కూడా సూపర్‌మ్యాన్ సినిమాలో ఉండటంతో ఆ పాత్రను మొదట్లోనే చంపేశారు. కామిక్స్‌లో జీన్ గ్రే ఫీనిక్స్‌గా మారింది 1976లో, మరణించింది 1980లో. ఆ నాలుగేళ్ల కథను మరో కథతో కలిపి గంటా ముప్పావులో ముగించారు. అభిమానులు మండిపడ్డారు. కానీ వసూళ్లు దాదాపు 46 కోట్ల డాలర్లు, అప్పటికి ఆ వరుసలో అదే అత్యధికం. ఆ లెక్క చూశాక, తప్పు జరిగిందని స్టూడియోకు ఎవరు మాత్రం నచ్చజెప్పగలరు? అభిమానుల కోపానికీ బాక్సాఫీసుకూ పొత్తు కుదరని సందర్భాల్లో అది ఒకటి.

2009లో వుల్వరిన్ పూర్వకథ వచ్చింది. అందులో వాగుడుకు పేరుమోసిన డెడ్‌పూల్ నోటినే కుట్టేశారు. ఆ పాత్ర చేసిన ర్యాన్ రేనాల్డ్స్ ఆ తరువాత ఏళ్ల తరబడి సరైన డెడ్‌పూల్ సినిమా కోసం తిరిగారు. 2014లో పరీక్ష కోసం తీసిన దృశ్యాలు బయటకు పొక్కి, జనం వాటిని ఎగబడి చూస్తే తప్ప ఫాక్స్‌లో కదలిక రాలేదు. 2016లో సుమారు 5.8 కోట్ల డాలర్లతో వచ్చిన ఆ సినిమా 78 కోట్లు తెచ్చిపెట్టింది. తమ మాట నెగ్గుతుందని అభిమానులు గట్టిగా నమ్మడానికి అదే ఆధారం. ఇప్పటి ఆశల్లో సగం అక్కడి నుంచే వచ్చాయని నా అభిప్రాయం.

నిజానికి ఫాక్స్ హయాంలోనే ఎక్స్-మెన్‌కు ఒక అర్ధ రీబూట్ జరిగింది. 2006 సినిమా నుంచి తప్పుకున్న మాథ్యూ వానే తిరిగి వచ్చి 2011లో కథను 1962కు, క్యూబా క్షిపణుల సంక్షోభం నాటికి తీసుకెళ్లారు. జేమ్స్ మెకవాయ్, మైకేల్ ఫాస్‌బెండర్ యువకులుగా జేవియర్, మాగ్నెటో పాత్రల్లో మెప్పించారు. 2014లో పాత జట్టునూ కొత్త జట్టునూ ఒకే కథలో కలిపి, కాలంలో వెనక్కి వెళ్లి 2006 సినిమాలోని సంఘటనలన్నీ జరగనట్టే చేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎవరైనా అనుకోవచ్చు, కానీ కడిగిన తీరు అందంగా ఉంది. దాదాపు 75 కోట్ల డాలర్ల వసూళ్లతో అది గట్టి విజయమే.

అలా కడుక్కుని వచ్చి మళ్లీ అదే అడుసులో కాలు పెట్టడం దగ్గరే అభిమానుల సహనం చచ్చిపోయింది. 2019 జూన్‌లో ఫీనిక్స్ కథను రెండోసారి తీశారు. 2006 సినిమా రచయితల్లో ఒకరైన సైమన్ కిన్‌బర్గే ఈసారి రాసి, దర్శకత్వం కూడా వహించారు. సుమారు 20 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్త వసూళ్లు 25 కోట్లే. థియేటర్ల వాటా, ప్రచార వ్యయం తీసేస్తే అది భారీ నష్టం. ఒక్కో సినిమాకూ ఒక్కో దశాబ్దం చొప్పున దూకుతూ వచ్చిన కథ అప్పటికి 1992కు చేరింది. 1944లో బాలుడైన మాగ్నెటోకు అరవై దగ్గరపడాలి, తెర మీద మాత్రం నలభై దాటినట్టు ఉండడు. ప్రేక్షకులు నవ్వుకున్నారు. తెర మీద వాళ్లెవరూ ఆ సంగతి గమనించినట్టు లేదు.

మధ్యలో 2017లో వచ్చిన లోగన్‌ను వదిలేయకూడదు. ముసలితనం, జబ్బు, ఓటమి ముసురుకున్న వుల్వరిన్‌కు అది గౌరవప్రదమైన వీడ్కోలు. అది రీబూట్ అభిమానుల వాదానికీ, వ్యతిరేకుల వాదానికీ ఒకేలా పనికొస్తుంది. ఇంత బాగా ముగిసిన కథను మళ్లీ ఎందుకు కదపడం అని కొందరు, ముగిసింది గనుకే కొత్తగా మొదలుపెట్టాలి అని మరికొందరు.

ఇదంతా జరుగుతుండగా మార్వెల్ తన సొంత సినిమాలను ఎక్స్-మెన్ లేకుండానే నడిపింది. హక్కుల గోడ ఎంత విచిత్రంగా ఉండేదంటే, క్విక్‌సిల్వర్ అనే ఒకే పాత్ర 2014లో ఫాక్స్ సినిమాలోనూ, 2015లో మార్వెల్ సినిమాలోనూ ఇద్దరు వేర్వేరు నటులతో కనిపించింది. రెండో చోట అతన్ని మ్యూటెంట్‌గా చూపలేదు. ప్రయోగాల వల్ల శక్తులు వచ్చినట్టు చెప్పారు. 2019 మార్చి 20న సుమారు 7,130 కోట్ల డాలర్లకు ఫాక్స్ సినిమా, టీవీ వ్యాపారంలో చాలా భాగాన్ని మార్వెల్ యజమాని డిస్నీ కొనడం పూర్తయ్యాకే ఆ గోడ కూలింది.

అప్పటి నుంచి ఊరించడమే ఎక్కువ. 2022లో ఒక సినిమాలో, తొలి సినిమాల్లో జేవియర్‌గా నటించిన పాట్రిక్ స్టీవర్ట్ అదే పాత్రలో వచ్చి కాసేపట్లోనే చనిపోయారు. అదే ఏడాది ఒక సిరీస్ చివరలో మ్యుటేషన్ అనే మాట వినిపించి, వెనుక 1990ల యానిమేషన్ సిరీస్ సంగీతం ఒక్క క్షణం మోగింది. 2024లో డెడ్‌పూల్‌తో కలిసి వుల్వరిన్ తిరిగి వచ్చాడు. తొలి సినిమాలో ఎగతాళి చేసి పక్కన పడేసిన, కామిక్స్‌లోని అతని పసుపు దుస్తులు ఇరవై నాలుగేళ్లకు తెరకెక్కాయి. ఆ సినిమా 130 కోట్ల డాలర్లు దాటింది. అదే ఏడాది పాత యానిమేషన్ సిరీస్‌కు కొనసాగింపుగా వచ్చిన ఎక్స్-మెన్ '97 చాలామంది దృష్టిలో సినిమాల కంటే మేలైన ఎక్స్-మెన్. కారణం తెలిసిందే. స్టార్మ్, రోగ్, సైక్లాప్స్‌లకు అందులో మాట్లాడే సమయం దొరికింది. ఫాక్స్ సినిమాల్లో జట్టు పేరు ఎక్స్-మెన్ అయినా, కథ ఎక్కువగా వుల్వరిన్‌దీ, అతని పరివారానిదీ.

ఇప్పుడు కొత్త సినిమాకు దర్శకుడు జేక్ ష్రైయర్. మార్వెల్ స్టూడియోస్ అధినేత కెవిన్ ఫైగీ 2000 నాటి తొలి ఎక్స్-మెన్‌కు సహ నిర్మాతల బృందంలో పనిచేసిన మనిషి కావడం ఆశావహులకు బలం. ఈసారి కథ యువ పాత్రల చుట్టూ తిరుగుతుందని ఆయన 2025 జూలైలో సూచించారు. రీబూట్ అనే మాట మీద ఆయనకు పెద్దగా మోజు లేదు. రీసెట్ అనడానికే ఇష్టపడ్డారు. 2027 డిసెంబరుకు ప్రకటించిన అవెంజర్స్ సినిమా తరువాత ఆ మార్పు ఉంటుందని ఆయన మాటల సారాంశం. ఈలోగా 2026 డిసెంబరుకు ప్రకటించిన మరో అవెంజర్స్ సినిమాకు స్టీవర్ట్, ఇయాన్ మెకెలెన్, మార్స్‌డెన్ వంటి పాత ఎక్స్-మెన్ నటులనే పిలిచారు. కుర్చీల వెనుక పేర్లు ఒక్కొక్కటే చూపిస్తూ ఐదు గంటలకు పైగా సాగిన ప్రకటన అది. కొత్తవాళ్లను తెస్తామంటూ పాతవాళ్ల మీదే టికెట్లు అమ్ముకుంటున్నారన్న విసుగు కొందరిది. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు.

అనుమానాల్లో ఇంకొకటి మార్వెల్ గురించే. 2019 నాటి మార్వెల్ ఇప్పుడు లేదు. 2023 నవంబరులో వచ్చిన ఒక సినిమా సుమారు 20 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయి, ఆ సంస్థ చరిత్రలో అత్యల్ప వసూళ్లుగా మిగిలింది. 2025 జూలైలో ఫెంటాస్టిక్ ఫోర్‌ను రీబూట్ చేశారు. మంచి పేరు వచ్చింది, తొలి వారాంతం బాగుంది, రెండో వారాంతం అమెరికాలో వసూళ్లు దాదాపు మూడింట రెండొంతులు పడిపోయాయి. మొత్తం 52 కోట్ల దగ్గర ఆగింది. 2015లో దారుణంగా విఫలమైన పేరుకు ఇది గౌరవమైన అంకే కావచ్చు, ఎక్స్-మెన్ మీద పెట్టబోయే డబ్బుకు మాత్రం భరోసా ఇచ్చే అంకె కాదు.

కథకు సంబంధించి ఒక చిక్కు ఉంది. నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది అదే. మాగ్నెటోను నాజీల ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన మనిషిగా చూపింది క్లేర్‌మాంట్, 1981లో. ఆ పాత్రకు నైతిక బరువు మొత్తం అక్కడి నుంచే వచ్చింది. కథ ఈనాడు జరిగితే అతనికి తొంభై దాటాలి. గతం మార్చితే అతను మాగ్నెటో కాడని ఒక పక్షం, శక్తుల వల్ల వృద్ధాప్యం ఆగిందని చెబితే చాలని ఇంకో పక్షం, కథనే 1960ల్లో పెట్టమని మూడో పక్షం. మూడో దారి కొత్తగా వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ పట్టినదే. పైగా 2011లో ఫాక్స్ కూడా పట్టింది. మొదటి వాదన వైపే నేను మొగ్గుతాను, అది స్టూడియోకు అన్నిటికంటే కష్టమైన దారి అయినా.

ఇక వుల్వరిన్. ఆ పాత్రకు 1999లో ముందు ఎంపికైంది డగ్రే స్కాట్. ఆయన చేస్తున్న మరో సినిమా ఆలస్యం కావడంతో, టొరంటోలో షూటింగ్ మొదలైపోయాక హ్యూ జాక్‌మన్‌ను పిలిపించారు. కామిక్స్‌లో వుల్వరిన్ ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, ఈయన ఆరడుగులు దాటినవాడు, పైగా రంగస్థలం మీద సంగీత నాటకాలు ఆడుతున్నవాడు. అభిమానులు పెదవి విరిచారు. అయితే అమెరికాలో ఆయన ఎవరో దాదాపు ఎవరికీ తెలియదు. ఆ పాత్రను అంతకు ముందు సినిమాలో చేసినవారూ లేరు. అందువల్ల ఆయనను ఎవరితోనూ పోల్చి చూడలేకపోయారు. ఈసారి ఆ గోళ్లు తొడుక్కునేవారికి ఆ వెసులుబాటు లేదు. వాళ్లను హ్యూ జాక్‌మన్‌తోనే పోలుస్తారు.