వెన్నుద్రవంలో దొరకని వైరస్

ఫ్లూ జ్వరం మొదలైన రెండో రోజో మూడో రోజో కొందరు పిల్లలు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడి, పిలిచినా పలకని మత్తులోకి జారిపోతారు. వైరస్ మెదడుకు పాకిందేమోనని డాక్టర్లు నడుము దగ్గర సూదితో వెన్నుద్రవం తీసి పీసీఆర్ పరీక్షకు పంపుతారు. చాలాసార్లు అందులో ఫ్లూ వైరస్ ఆనవాలే ఉండదు. ఎమ్మారైలో మాత్రం మెదడు వాచి కనిపిస్తుంది.

ఈ స్థితికి అత్యంత భయంకరమైన రూపాన్ని 1995లో జపాన్ వైద్యుడు మసాషి మిజుగుచి బృందం వివరించింది. పేరు అక్యూట్ నెక్రోటైజింగ్ ఎన్‌సెఫలోపతి. మెదడు నడిమధ్యన కుడిఎడమల ఉండే థాలమస్‌లు రెండూ ఒకేసారి, ఒకేలా దెబ్బతింటాయి. గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉన్న వైరస్‌తో పోరాడటానికి శరీరం సైటోకైన్లు అనే రసాయనాలను విడుదల చేస్తుంది. అవి హద్దు మీరితే మెదడు రక్తనాళాల లోపలి పొర సడలిపోతుంది. వానకు నానిన గోడ చెమర్చినట్టు రక్తంలోని ద్రవం చుట్టూ ఊరుతుంది, కణజాలం చచ్చిపోతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది మళ్లీమళ్లీ రావడానికి రాన్‌బీపీ2 అనే జన్యువులో మార్పు కారణమని 2009లో తేలింది. ఆ మార్పు ఉన్నా అందరికీ జబ్బు రాదు. సాధారణంగా ఫ్లూ లాంటి జ్వరమేదో దాన్ని రేపాలి.

ఇది చాలా అరుదు. తరచుగా కనిపించేవి జ్వరంతో వచ్చే ఫిట్స్. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 2 నుంచి 5 శాతం మందికి ఎప్పుడో ఒకసారి వస్తాయి. చూసేవాళ్ల గుండె జారిపోతుంది గానీ, చాలామంది పిల్లలకు వీటివల్ల శాశ్వత హాని ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, ఆగాక పిల్లలు తేరుకోకపోయినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

రేస్ సిండ్రోమ్ కథ వేరు. 1963లో ఆస్ట్రేలియా వైద్యుడు డగ్లస్ రే వివరించిన ఈ జబ్బులో కాలేయం, మెదడు రెండూ దెబ్బతింటాయి. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వడంతో దీనికి సంబంధముందని తర్వాత బయటపడింది. అమెరికాలో 1979-80లో 555 కేసులు నమోదయ్యాయి. ఆస్పిరిన్ వద్దన్న హెచ్చరికల తర్వాత, 1987 నుంచి 1993 వరకు ఏ ఏడాదీ 36 దాటలేదు. కొత్త మందేమీ కనిపెట్టకుండా, పాత మాత్ర ఒకటి మానిపించి సాధించిన విజయమిది.

జలుబు తగ్గాక ఒకటి రెండు వారాలకు కాళ్లలో తిమ్మిరి, నీరసం మొదలై పైకి పాకితే గులియన్-బారే సిండ్రోమ్‌ను అనుమానిస్తారు. ఇక్కడ నరాలపై దాడి చేసేది మన రోగనిరోధక వ్యవస్థే. 1976లో అమెరికాలో వేసిన స్వైన్ ఫ్లూ టీకా వల్ల లక్ష మందికి దాదాపు ఒక అదనపు కేసు వచ్చింది. ఆ భయం ఇంకా టీకాను వెంటాడుతూనే ఉంది. నిజానికి ఈ జబ్బు ముప్పు ఇప్పటి ఫ్లూ టీకాతో కంటే ఫ్లూతోనే ఎక్కువ. టీకాకు జంకేవాళ్లు ఈ లెక్క చూడాలి.

కోవిడ్‌లో వాసన పోవడం కూడా చాలావరకు వైరస్ నేరుగా నాడీకణాల్లోకి చొరబడకుండానే జరిగే హాని. వైరస్ ప్రధానంగా పట్టుకునేది వాసన పసిగట్టే నాడీకణాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే పక్క కణాలను. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడానికి ఇదొక కారణం.

అయితే వెన్నుద్రవంలో దొరకనంత మాత్రాన వైరస్ లోపలికి వెళ్లలేదని తేల్చేయలేం. పోలియో వైరస్‌కు బంధువైన ఎంటెరోవైరస్ డీ68 సంగతి చూడండి. 1962లో కాలిఫోర్నియాలో మొదట గుర్తించిన ఈ వైరస్‌ను దశాబ్దాల పాటు మామూలు జలుబు వైరస్‌గానే చూశారు. 2014లో అమెరికాలో ఇది విజృంభించినప్పుడు కొందరు పిల్లలకు హఠాత్తుగా చేయో కాలో చచ్చుబడింది. వాళ్ల వెన్నుద్రవంలో వైరస్ దాదాపు దొరకలేదు. కానీ 2008లో చనిపోయిన ఒక బాలుడి వెన్నుపామును ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, కండరాలను కదిలించే నాడీకణాల్లోనే అది బయటపడింది. 2016లో, 2018లో పక్షవాతం కేసులు మళ్లీ పెరిగాయి. 2022లో ఇదే వైరస్ విస్తృతంగా తిరిగినా ఆ కేసులు మాత్రం పెరగలేదు. ఎందుకన్నది ఇంకా తేలలేదు.