క్రిమి అందరికీ ఒకటే, ప్రాణం మీదికొచ్చేది కొందరికే

1930 ప్రాంతంలో జర్మనీలోని ల్యూబెక్‌లో 251 మంది పసికందులకు నోటి ద్వారా బీసీజీ టీకా వేశారు. ల్యాబ్‌లో జరిగిన పొరపాటు వల్ల అందులో అసలు క్షయ క్రిమి కలిసింది. 72 మంది చనిపోయారు. ఘోరమే. కానీ ఆ క్రిమిని మింగి కూడా చాలామంది ఎలా బతికారు? మోతాదులో తేడా కొంత కారణం. పిల్లల ఒంట్లోని తేడా సంగతేమిటో అప్పట్లో తేల్చే దారి లేదు.

ఆ దారి 1952లో దొరికింది. వాషింగ్టన్‌లోని ఆర్మీ ఆస్పత్రిలో ఆగ్డెన్ బ్రూటన్ అనే డాక్టర్ ఎనిమిదేళ్ల బాబుకు వైద్యం చేస్తున్నాడు. నాలుగేళ్లలో 19 సార్లు రక్తానికి ఇన్ఫెక్షన్ పాకింది, ఎక్కువసార్లు న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా వల్లే. ఎన్నిసార్లు తగ్గించినా మళ్లీ మొదటికే. రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూపే ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్ష అప్పుడప్పుడే వాడకంలోకి వస్తోంది. అది చేయిస్తే, యాంటీబాడీలు ఉండాల్సిన చోట ఏమీ కనిపించలేదు. గామా గ్లోబ్యులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఇంజెక్షన్లు మొదలుపెట్టగానే ఇన్ఫెక్షన్లు ఆగాయి. జన్యువు పేరు తెలియకుండానే వైద్యం దొరికిందన్నమాట! ఈ లోపానికి మూలమైన, ఎక్స్ క్రోమోజోమ్ మీది బీటీకే జన్యువు 1993లో గానీ బయటపడలేదు. లోపం తల్లి నుంచి వస్తుంది, జబ్బు పడేది దాదాపు ఎప్పుడూ కొడుకులే.

అయితే యాంటీబాడీలు నిండుగా ఉన్నా చీముగడ్డలతో చనిపోతున్న పిల్లలూ ఉన్నారు. వాళ్ల తెల్లకణాలు బ్యాక్టీరియాను మింగుతాయి, చంపలేవు. 1986లో ఈ లోపానికి మూలమైన జన్యువూ దొరికింది.

1996లో ఇంకో వింత తేలింది. బలహీనపరిచిన బీసీజీ క్రిమికే ఒళ్లంతా జబ్బు పాకే పిల్లలకు మిగతా క్రిములతో అంత ఇబ్బంది లేదు, టైఫాయిడ్ లాంటివి తెచ్చే సాల్మొనెల్లా తప్ప. క్రిములను చంపమని రోగనిరోధక కణాలు పంపుకునే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతాన్ని అందుకునే గ్రాహకం వాళ్లలో పాడైంది. ఒక్క జన్యువు చెడితే రోగనిరోధక శక్తి మొత్తం పోవాలనేం లేదు, ఒకటి రెండు రకాల క్రిములకే తలుపు తెరుచుకోవచ్చు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

2003లో బయటపడ్డ ఐఆర్ఏకే4 అనే జన్యువు లోపం మరీ మాయదారిది. న్యుమోకాకస్, చీముగడ్డలు తెచ్చే స్టాఫ్ క్రిములు రక్తంలోకి చేరినా తొలి గంటల్లో జ్వరం పెద్దగా ఉండదు, ఇన్ఫెక్షన్‌ను పట్టించే రక్తపరీక్ష సీఆర్పీ కూడా పెరగకపోవచ్చు. రిపోర్ట్ నార్మల్ అనుకునేలోపు పరిస్థితి చేయి దాటుతుంది. ఈడు వచ్చేసరికి ఈ ముప్పు బాగా తగ్గుతుంది కాబట్టి అప్పటిదాకా టీకాలు, ముందుజాగ్రత్త యాంటీబయాటిక్స్‌తో నెట్టుకొస్తారు. కాస్త నలతగా ఉన్నా పరీక్షల కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.