పాత కత్తికి కొత్త జౌహర్

"నిజాం జమానాది సాబ్, జౌహర్ చూడండి" అంటూ పాతబస్తీ దుకాణదారు ఒక తల్వార్ నా చేతికిచ్చాడు. అలుగు (కత్తి రేకు) నిండా నీటి అలల్లాంటి చారలు, వాటినే జౌహర్ అంటారు. కాస్త తేరిపార చూస్తే ఒక మెలిక, జానెడు అవతల మళ్లీ అచ్చం అదే మెలిక. అచ్చు వేస్తే తప్ప అలా రాదు.

అసలు జౌహర్ పైన గీసేది కాదు, లోపలి నుంచి వచ్చేది. మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు కాచేవారు. ఆ ఉక్కు దిమ్మల కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవారని 19వ శతాబ్దంలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సే రాసిపెట్టాడు. ఈ ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం. మూస నెమ్మదిగా చల్లారి, ఆ దిమ్మను సన్నని మంట మీద మళ్లీ మళ్లీ సాగగొడితే ఐరన్ కార్బైడ్ రేణువులు బారులు తీరతాయి. ఆమ్లం తగిలినప్పుడు చుట్టూ ఉన్న ఇనుము నల్లబడుతుంది, కార్బైడ్ తెల్లగా మిగులుతుంది. చారలంటే అవే.

నకిలీవాడు మామూలు ఉక్కు మీద లక్కతోనో మైనంతోనో గీతలు గీసి, ఆమ్లంతో తినిపిస్తాడు. దాన్ని నున్నగా సానపడితే గీతలు పోతాయి, మళ్లీ ఆమ్లంలా ఇనుమును తినే ఫెర్రిక్ క్లోరైడ్ పూసినా తిరిగి రావు. అసలుది ఎన్నిసార్లు పూసినా వస్తుంది. (ఈ ప్రయోగం అంగట్లో చేస్తే తంతారు. నిపుణుడు కూడా గోరంత చోటే చేస్తాడు.)

నన్నడిగితే, పూర్తి నకిలీ కంటే సగం నకిలీతోనే చిక్కు. అలుగు నిజంగా పాతదే, దాని మీది బంగారపు పని నిన్నటిది. కోఫ్తగరీ అనే ఈ పనిలో ఇనుమును సన్నగా అడ్డదిడ్డంగా గీరి, ఆ గరుకు మీద బంగారు తీగ కొట్టి అతికిస్తారు. భూతద్దంలో చూడండి. తుప్పు బంగారం కిందినుంచి పుట్టి దాన్ని పైకి లేపితే ఆ పని పాతదే కావచ్చు. తుప్పు గుంటలోకి బంగారం చక్కగా దిగి కూర్చుందంటే, గుంట ముందు, బంగారం తర్వాత.

సంతకాలూ అంతే. పర్షియాలోని ఇస్ఫహాన్‌కు చెందిన పేరుమోసిన కత్తుల కమ్మరి అసదుల్లా పేరు చెక్కిన కత్తులన్నీ అతనే చేసుంటే, ఆయన శతాబ్దాల పాటు కొలిమి ముందు కూర్చుని ఉండాలి! ఆ రోజుల్లోనే వేరేవాళ్లు ఆ పేరు వాడుకునేవారు.

ఇక పిడి. మన తల్వార్‌లకు పిడి లోపల లక్క నింపి అలుగును బిగిస్తారు. దొంగనోట్లు చూసే అతినీలలోహిత టార్చ్ వేస్తే శుద్ధి చేయని లక్క నారింజ రంగులో మెరుస్తుంది, ఈ కాలపు ఎపాక్సీ జిగురు పాలనీలంగా వెలుగుతుంది. నా జేబులో ఆ టార్చ్ ఉంది. పిడి సందులో వేశాను. పాలనీలం.

"పిడి ఊడితే అతికించాం సాబ్" అన్నాడు దుకాణదారు, తొణక్కుండా. అదీ నిజమే కావచ్చు. మరి ఆ మెలికల సంగతేమిటని అడిగితే మాత్రం, "చాయ్ తాగుతారా?" అన్నాడు.